చింతపండుతో కడిగిన ట్రంపెట్

ఫిబ్రవరి 10, సోమవారం

పిట్టోడా,

నీ నోట్‌బుక్కులో రాస్తున్నాను, కోపం చేయకు. ముందు పేజీలన్నీ నీ పాటల లిస్టులే. చివరి లిస్టు పైన ఆగస్టు 25, కొంపల్లి పెళ్లి అని రాసి ఉంది. దాని కింద ఒక గీత గీసి నేను మొదలుపెట్టాను. ఐదో తరగతి దాకా చదివిన చేయి ఇది. బైబిల్ చదువుతాను గానీ, రాయడమంటే నేను వంట చేసే హాస్టల్లో సరుకుల చీటీ రాయడమే. కందిపప్పు, నూనె, పసుపు. తప్పులుంటే నవ్వుకో.

నీతో బయటికి మాట్లాడితే పక్కింటివాళ్లు పరేషాన్ అవుతున్నారు. రాస్తే ఎవరికీ వినబడదు.

నువ్వు పోయి ఐదు నెలలు. డెంగీ అన్నారు. నాలుగు రోజుల జ్వరం. ముప్పై ఒక్క ఏండ్ల మనిషి నాలుగు రోజుల్లో అయిపోతాడా అని నేను ఇప్పటికీ లెక్క పెడుతుంటాను. రెండో రోజు నువ్వు ఏం తిన్నావు? గుర్తు రావడం లేదు. అది ఒక్కటి పట్టుకుని తిరుగుతున్నాను. పెళ్లిళ్లకు ఊదడానికి పోయేటప్పుడు కూడా అంతే, అన్నం వడ్డించేలోపల పోయేవాడివి. బండి మీద నుంచి అక్కడ తింటాలే అమ్మా అని అరిచేవాడివి. అక్కడ తినేవాడివా? ఎవరిని అడగాలి?

మంచం కింది నుంచి నీ ట్రంపెట్ బాక్సు బయటికి తీశాను. తెరవలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం, మధ్యాహ్నం

తెరిచాను.

సోంపు వాసన వచ్చింది. నువ్వు ఎప్పుడూ నమిలేదే. దాని వెనుక ఇత్తడి వాసన. చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత మచ్చలు కనబడ్డాయి. నల్లగా, పచ్చగా. నా కొడుకు వస్తువు ఇట్లా ఉంటుందా అనిపించింది. ఇత్తడి చెంబులు తోముతాం కదా, దీన్ని ఎందుకు తోమకూడదు?

చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, బాయి దగ్గరి బండ మీద కూర్చున్నాను. ముందు ఊదే దిక్కు నుంచి చెంబుతో నీళ్లు పోశాను. ఎటు పోతాయో చూద్దామని. వంకర టింకర తిరిగి, ఆ ఉమ్మెత్త పువ్వులాంటి మూతి నుంచి పచ్చటి ముక్కలతో బయటికి వచ్చాయి. మూడు మీటలు తిప్పితే ఊడి వచ్చాయి పిట్టోడా! లోపల ఇంత పొడుగు గొట్టాలు, వాటికి తూట్లు. మూడూ అక్కచెల్లెళ్ల లెక్క ఒకటే తీరుగా ఉన్నాయి. బ్రష్షుతో తోమి తువ్వాల మీద ఎండబెట్టాను. ఎండినాక మళ్లీ పెట్టేశాను.

ఇప్పుడు మొహం కనబడుతోంది అందులో. నా మొహమే.

ఫిబ్రవరి 17

సోంపు వాసన పోయింది. ఏం చేశానో ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చి అయినాక దేవసహాయం అన్న ఇంటికి వచ్చాడు, వెంట పర్వతాలు కూడా వచ్చాడు. నీ జూబిలీ బ్యాండు ఇంకా నడుస్తోందట. నేను మూసేశారనుకున్నాను. దేవసహాయం అన్నకు అరవై ఎనిమిది. పై పళ్లు కట్టుడువి, అయినా క్లారినెట్ వదలడు. పర్వతాలు పగలు అత్వెల్లిలో పంక్చర్లు వేస్తాడు, సాయంత్రం పెద్ద డోలు కొడతాడు. మా అందరి వయసు కలిపితే నిజాం జమానా దాటుతది వదినే, అయినా పెండ్లికొడుకు కన్నా మేమే ముంగట నడుస్తం అన్నాడు దేవసహాయం అన్న.

వచ్చిన పని టీ తాగినాక చెప్పాడు. ఏప్రిల్ 30న శామీర్‌పేటలో పెళ్లి. చెరువులో చేపలు పట్టేవాళ్ల ఇల్లు. పెళ్లికూతురి అమ్మమ్మను ఊరంతా పెద్దమ్మ అని పిలుస్తారట. ఆమె డీజే వద్దని పట్టుబట్టింది. నా పెండ్లికి సోమయ్య ఊదిండు, నా బిడ్డ పెండ్లికి ఊదిండు, మనుమరాలికి గూడ గాయనే ఊదాలె అందట.

సోమయ్య అన్న నీ గురువు కదా. ఎనిమిదేండ్ల కింద గుండెకు స్టెంటు వేసినప్పుడు ఈ ట్రంపెట్ నీ చేతిలో పెట్టి, తను తాళాలు కొట్టడానికి మారాడు. ఇప్పుడు డాక్టరు మెల్లగా ఊదొచ్చన్నాడట. ఆయనకే ధైర్యం లేదట. డెబ్బై రెండు నిండాయి.

ట్రంపెట్ లేకుంటే ఏమైతది అని అడిగాను. ఒక్క క్లారినెట్టుతోని బారాత్ తీస్తే పాములోడు వచ్చినట్టుంటది వదినే అన్నాడు పర్వతాలు. నీ డోలు ఇంటే టైరు పేలిందని లారీలు ఆగుతయి గదరా, నువ్వు జెప్పొచ్చినవ్ అని దేవసహాయం అన్న తిట్టాడు. ఐదు నెలల తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినబడింది. నాదే.

నాకో అనుమానం ఉండె, అడిగేశాను. మూడే మీటలు కదా, ఇన్ని పాటలు ఎట్లా వస్తాయి? దేవసహాయం అన్న నా వంటింటి దిక్కు చూశాడు. మూడు రాళ్ల పొయ్యి మీద నువ్వు ముప్పై కూరలు వండుతలేవా, గిది గూడ గంతే అన్నాడు. అది విని రోజంతా ఆలోచించాను.

ట్రంపెట్ సోమయ్య అన్నదే. ఆయనకే పోవాలి. అది నాకు తెలుసు. ఆలోచించి చెప్తానన్నాను. ఇవ్వాలని లేదు.

మార్చి 9, ఆదివారం

సోమయ్య అన్న వచ్చాడు, సత్తమ్మ వదిన కూడా. ఆమె ఆయనను ఒక్కడినే పంపదు.

బాక్సు తెరవగానే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. నేను కొన్ననాడు గూడ గింత మెరవలే చెల్లే, దీనికి పెండ్లిగిట్ల జేస్తున్నవా అన్నాడు. నాకు గర్వం అనిపించింది. తుడిచాను అన్నా, అన్నాను. అంతే చెప్పాను.

నీ మంచం మీద కూర్చుని, ట్రంపెట్‌ను కళ్లకు అద్దుకుని, పెదాలు తడుపుకుని ఊదాడు.

ఏమీ రాలేదు.

మళ్లీ ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. మెడ నరాలు తాళ్లలాగా లేచాయి. మూడోసారికి కళ్లు ఎర్రబడి నీళ్లు వచ్చాయి. సత్తమ్మ వదిన వద్దయ్యా, నీకు దండం బెడ్త అని చేయి పట్టుకుంది. ఆయన ట్రంపెట్‌ను మెల్లగా మంచం మీద పెట్టాడు, నిద్రపోతున్న పసిపిల్లను పెట్టినట్టు. దమ్ము అయిపోయింది చెల్లే అన్నాడు. ఫిన్నీగాడు ఊదిన బాజా, నా అసొంటోని దమ్ముకు పలుకదు అన్నాడు. టీ తాగకుండానే పోయాడు.

నాకు లోపల కొంచెం సంతోషమైంది. ఎవరికీ చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 14

బాక్సు మళ్లీ మంచం కిందికి.

మార్చి 23, ఆదివారం

దేవసహాయం అన్న ఫోన్ చేశాడు. సోమయ్య అన్న తాళాలు కొట్టడానికి కూడా రావడం లేదట. బ్యాండు ఎర్రకోటు ఉతికించి, ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి పంపించాడట. ఊదలేనోడు పక్కపొంటి నిలబడి చప్పట్లు గొట్టుడెందుకు అన్నాడట. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడని సత్తమ్మ వదిన ఏడుస్తోందట.

మొన్న పేట్ బషీరాబాద్‌లో ఒక పెళ్లికి మిగిలినవాళ్లే పోయారు. సగం దారిలోనే పెళ్లివాళ్లు కారు డిక్కీ తెరిచి స్పీకర్ పెట్టుకున్నారట. మేం ముంగట ఊదుతున్నం, ఎనుకకెల్లి అది మొత్తుకుంటున్నది, ఎవల పెండ్లికి ఎవలు ఒచ్చిన్రో తెలుస్తలేదు వదినే అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. శామీర్‌పేట పెద్దమ్మకు ఇగ కాదని చెప్పాలె, గట్ల జెప్పినంక బ్యాండు గూడ బంద్ వెడ్తం అన్నాడు. నలభై ఏండ్ల బ్యాండు.

మార్చి 30, ఆదివారం, 11 గంటలు

ఉగాది. పక్కింటివాళ్లు పచ్చడి ఇచ్చారు. చర్చి నుంచి వచ్చి రెండు చెంచాలు నాలుక మీద వేసుకున్నాను. చింతపండు పులుపు తగలగానే ట్రంపెట్ కడిగిన రోజు గుర్తొచ్చింది.

ఊరికే బాక్సు తీశాను. తలుపు వేసుకుని నేనే ఊదాను. నవ్వకు. ఏమీ రాలేదు. నాకు రాదులే, నాకేం తెలుసు. కానీ ఒకటి వింతగా ఉంది. గాలి పోవడం లేదు. సీసాలో ఊదినట్టు తిరిగి నా నోట్లోకే వస్తోంది. రాగం రాకపోవడం వేరు, గాలి పోకపోవడం వేరు కదా? పొయ్యి గొట్టం ఊదే మనిషిని, ఆ మాత్రం నాకు తెలుసు.

అదే రోజు, 4 గంటలు

బాయి దగ్గరికి తీసుకుపోయి, మొదటి రోజులాగే ఊదే దిక్కు నుంచి నీళ్లు పోశాను. ఆ రోజు పువ్వు మూతి నుంచి వచ్చాయి. ఈ రోజు రాలేదు. మొత్తం నీళ్లు నా చీర మీదికే వచ్చాయి.

మీటలు ఊడదీశాను. కళ్లద్దాలు పెట్టుకుని ఎండలో తిప్పి చూశాను. చీమ తలంత సైజులో ఒక్కో గొట్టం మీద ఒక్కో నంబరు కొట్టి ఉంది. 1, 2, 3. అవి కూర్చునే గూళ్ల మీద కూడా 1, 2, 3. ఆ రోజు నంబర్లు ఉన్నాయనే నాకు తెలియదు. అక్కచెల్లెళ్లు ఒకటే తీరు ఉన్నారని ఏది దొరికితే అది పెట్టేశాను. ఒకటో గూట్లో మూడోది, మూడో గూట్లో ఒకటోది. తూట్లకు తూట్లు కలవలేదు.

ఒకటిని నోటి దిక్కు గూట్లో పెట్టి మెల్లగా తిప్పితే టక్కుమని కూర్చుంది. రెండు నడుమ. మూడు పువ్వు దిక్కు. నీళ్లు పోశాను. గడగడ వచ్చేశాయి.

బాయి బండ మీదే కూర్చుండిపోయాను. సోమయ్య అన్న దమ్ము ఎక్కడికీ పోలేదు. దాన్ని నేనే మూసేశాను.

ఏప్రిల్ 1

చెప్పలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇంకా చెప్పలేదు. ఫోన్ చేతిలో పట్టుకుంటాను, మళ్లీ పెట్టేస్తాను.

సిగ్గు ఒకటి ఉంది. తుడిచాను అని అబద్ధం ఆడాను కదా. కానీ అది సాకే పిట్టోడా. అసలు సంగతి వేరే. నువ్వు ఆఖరిసారి ఊదిన గాలి ఇందులో ఎక్కడో మూలకు ఉందని నా పిచ్చి. వాసన కడిగేశాను, కనీసం గాలి ఉండనీ అనుకున్నాను. వేరేవాళ్ల గాలి పోతే అది కూడా బయటికి పోతుంది.

కానీ నీళ్లు పోశాను కదా మొన్న. అటు నుంచి ఇటు వచ్చాయి కదా. ఇంకా ఏం గాలి?

హాస్టల్లో ఈ రోజు అన్నం అడుగంటింది. పదకొండేండ్లలో మొదటిసారి.

ఏప్రిల్ 9, బుధవారం

సెలవు పెట్టాను. ఈస్టర్ దాకా నాకు శ్రమదినాలు, మాంసం ముట్టను. అయినా పొద్దున్నే కోడి కూర వండాను, జొన్న రొట్టెలు చేశాను. టిఫిన్ ఒక చేతిలో, బాక్సు ఒక చేతిలో పట్టుకుని మచ్చ బొల్లారం పోయాను.

సోమయ్య అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. బాక్సు చూసి మొహం తిప్పుకున్నాడు. అది ఎందుకు తెచ్చినవ్ చెల్లే, పానం తియ్యడానికా అన్నాడు. ముందు తిను, తర్వాత చెప్తా అన్నాను. ఆకలి లేదన్నాడు. నేను వండింది తినకుంటే ఈడికెల్లి లేవ అని కింద కూర్చున్నాను. మేడ్చల్ నుంచి బస్సుల నిలబడి వచ్చినా అన్నాను. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. సత్తమ్మ వదిన తలుపు వెనక నిలబడి చూస్తూ ఉంది. రెండు రొట్టెలు తిన్నాడు.

అప్పుడు చెప్పాను. చింతపండు, ఉప్పు, బ్రష్షు, తువ్వాల, నంబర్లు, నీళ్లు. పది రోజులు దాచింది కూడా చెప్పాను. ఎందుకు దాచానో కూడా.

ముందు మాట్లాడింది సత్తమ్మ వదినే. నెల దినాల సంది ఈ మనిషి సావుకు సిద్ధమైతున్నడే, పొద్దుగాల లేచి శ్వాస ఆడుతున్నదా లేదా అని ముక్కు కాడ ఏలు వెట్టి చూస్తున్న, నీకు చెయ్యెట్ల ఒచ్చిందే ఎలీషమ్మా అంది. నేను తల వంచుకున్నాను. అనాల్సిన మాటే.

సోమయ్య అన్న బాక్సు తెరిచాడు. మీటలు ఒక్కొక్కటి ఊడదీసి నంబరు చూసి మళ్లీ పెట్టాడు. యాభై ఏండ్ల సంది ఊదుతున్న, మొదలు గీ మీటలు జూడాలెనని నాకెందుకు యాదికి రాలే అన్నాడు. నన్ను కాదు, తనను తనే అడుక్కున్నాడు. ఆ పొద్దు నేను మీటల గురించి ఆలోచించలే చెల్లే, నా గుండె గురించే ఆలోచించిన అన్నాడు. తర్వాత నన్ను చూసి, చింతపండుతోని కడిగినవా, ఇంగువ పోపు గూడ వెట్టక పోయినవా అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

ఊదాడు.

బర్రె దూడ అరిచినట్టు వచ్చింది. గల్లీలో కుక్కలన్నీ మొరిగాయి. ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. అంత చెడ్డ సప్పుడు నేను ఎన్నడూ వినలేదు. సోమయ్య అన్న ట్రంపెట్ దించి, ఇన్నవా సత్తీ అన్నాడు. ఆమె ఇన్న, ఊరంత ఇన్నది, ఇగ జాలు అని కళ్లు తుడుచుకుంది.

ఏప్రిల్ 19, శనివారం

అత్వెల్లిలో పర్వతాలు పంక్చర్ షాపు వెనుక శామీర్‌పేట పెళ్లికి ప్రాక్టీసు. నేనూ పోయాను. టైర్ల మీద కూర్చుని ఊదుతారు. పర్వతాలు మీటలకు కుట్టు మిషన్ నూనె వేశాడు. బండి కన్నా దీనికే ఎక్కువ సర్వీసింగు ఉన్నది గదా అన్నాడు.

సోమయ్య అన్న దమ్ము వెనకటంత లేదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి. నాలుగు లైన్లు ఊదితే ఆగాలి. ఆగినప్పుడు మొహం చిన్నబోతుంది. దేవసహాయం అన్న అది చూసి, పాస్టరుగారు వాక్యం నడుమ ఆగుతలేడా, గప్పుడు మేం ఆమెన్ అంటలేమా, నువ్వు ఆగు, మేం అంటం అన్నాడు. అప్పటి నుంచి ఆయన ఆగిన చోటల్లా పర్వతాలు డోలుతో రెండు లైన్లు నింపుతున్నాడు. వినడానికి కావాలని అట్లా పెట్టినట్టే ఉంది.

ఏప్రిల్ 20

ఈస్టర్. నీ సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టాను. గాలికి ఆరింది. మళ్లీ వెలిగించాను.

మే 1, గురువారం, పొద్దున

నిన్న శామీర్‌పేట పోయాను. బ్యాండుతో పాటు ట్రాలీ ఆటోలో, డోలు పక్కన కూర్చుని. నువ్వు పెళ్లిలో ఊదడం నేను ఒక్కసారి కూడా చూడలేదు పిట్టోడా. చర్చిలో చూశాను అంతే. అందుకే అన్నీ చూశాను. ఎర్రకోటు గుండీలు పట్టకపోతే పిన్నీసులు పెట్టుకుంటారని ఇప్పుడు తెలిసింది. దేవసహాయం అన్న ఊదే ముందు పళ్లు వేలితో నొక్కి చూసుకుంటాడు. లైట్లు మోసే ఆడవాళ్లకు ఏ పాటకు ఎంత నడవాలో తెలుసు. బ్యాండువాళ్లకు అందరి భోజనాలు అయినాకే భోజనం.

చెరువు కట్ట మీద బారాత్ మొదలైంది. సోమయ్య అన్న నాలుగు లైన్లు ఊదాడు. ఆగాడు. డోలు పడింది. ఆ రెండు లైన్లకే జనం ఎక్కువ ఎగిరారు. మళ్లీ ట్రంపెట్ లేవగానే ఈలలు. పెద్దమ్మ కర్ర పక్కన పడేసి రెండు చేతులు పైకెత్తింది. అరవై ఐదు దాటిన మనిషి. ఊదు సోమయ్యా, నా పెండ్లినాడు ఇంతకన్న అధ్వానం ఊదినవ్ అని కేక వేసింది. అందరూ నవ్వారు. ఆయన ట్రంపెట్ దించి, గానాడు నువ్వు సక్కగ ఉంటివి, నిన్ను జూసి తప్పు వోయిన అన్నాడు. సత్తమ్మ వదిన ఆటోలో నుంచే చెప్పు చూపించింది.

బారాత్ ఆగినప్పుడు నేను పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆమెకు అక్కడే కట్ట మీద చేపలు వేయించే బండి ఉంది, పెళ్లి రోజు కూడా పొయ్యి ఆర్పలేదు. ఇంతకుముందు ఊదిన పిల్లగాడు ఫిన్నీ నా కొడుకు అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

గా సన్నటి పిల్లగాడా, సోంపు నమిలేటోడా అంది. ఈ దిక్కు ఏ పెండ్లికి ఒచ్చినా మొదలు నా బండి కాడికే ఒచ్చేటోడమ్మా. రెండు రొట్టెలు, చేప ముక్క. ఉత్త కడుపుతోని ఊదితే కండ్లు తిరిగి పడ్తవ్ అని సోమయ్య తాత జెప్పిండట. ఎన్నడు తప్పలే. మా అమ్మకు తెలిస్తె తిడ్తది, ఇంట్ల తినకుండ ఈడ తింటున్నందుకు అని నవ్వుతుండె అంది.

తినేవాడివి.

ఆమె బండి పక్కనే కూర్చున్నాను. ఆమె ఒక రొట్టె, ఒక చేప ముక్క కాగితంలో పెట్టి నా ఒళ్లో పెట్టింది. ముల్లు తప్ప ఏమీ మిగల్చకుండా తిన్నాను. అవతల సోమయ్య అన్న మళ్లీ ఎత్తుకున్నాడు. నాలుగు లైన్లు. నేను ఐదోదాని కోసం చూడలేదు.

మే 4, ఆదివారం

ట్రంపెట్ సోమయ్య అన్న దగ్గరే ఉంటుంది. ఈ నోట్‌బుక్కు కూడా బాక్సులో పెడుతున్నాను. ముందు పేజీలు పాటల లిస్టులు, పనికొస్తాయి. నడుమ ఉన్నది నా ఏడుపు, చదవకపోయినా సరే. ఆయన తర్వాత ఎవరు ఊదుతారో నాకు తెలియదు. ఎవరు తెరిచినా ఈ పేజీ మాత్రం చూడండి.

చింతపండు పెట్టొద్దు.
మీటలు ఊడదీస్తే నంబరు చూసి పెట్టండి. 1 నోటి దిక్కు. 2 నడుమ. 3 పువ్వు దిక్కు. టక్కుమనే దాకా తిప్పాలి.
సప్పుడు రాకుంటే భయపడొద్దు. నీళ్లు పోసి చూడండి.

ఉత్త కడుపుతో ఊదొద్దు. మంచిగ తినండి.